పంక్ రాక్, సింగిల్ మాల్ట్: ఏ రికార్డుతో, ఏ సీసాతో మొదలుపెట్టాలి?

"సింగిల్ మాల్ట్ విస్కీ మొదలుపెడదామనుకుంటున్నా, ఏ బాటిల్ కొనమంటావు?" అని కొందరు మిత్రులు అడుగుతారు. "పంక్ రాక్ గురించి ఏళ్లుగా వింటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అని ఇంకొందరు అంటారు. ఇద్దరికీ విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ నాకొకటి తెలిసొచ్చింది. ఈ రెంటినీ ఎంచుకునే పద్ధతి ఒకటే. కలిపి ఎంచుకుంటే ఒకదాని వల్ల రెండోది ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకే ఈ సలహాను జంటలుగా రాస్తున్నాను: ఒక రికార్డు, దాని పక్కన ఒక సీసా.

ఎక్కువమంది ఒకే చోట తప్పటడుగు వేస్తారు. అన్నిటికంటే పేరు మోసినదాన్ని, అన్నిటికంటే ఘాటైనదాన్ని మొదటే తెచ్చుకుంటారు. నేనూ అదే చేశాను. ఒక మిత్రుడి డాబా మీద, మిర్చి బజ్జీల మధ్య, బాగా పొగ వాసన కొట్టే, స్కాట్లాండ్‌లోని ఐలా దీవి సీసా ఒకటి తెరిచాం. స్పీకర్‌లో సెక్స్ పిస్టల్స్ పూర్తి వాల్యూమ్‌లో మోగుతున్నారు. పది నిమిషాల్లో పాట ఆగిపోయింది, గ్లాసులు పక్కకు వెళ్లాయి. రెండూ గొప్పవే. మేము వాటి దగ్గరికి వెళ్లిన దారి సరైనది కాదు. ఆ రెంటి దగ్గరికి నేను మళ్లీ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మీకు ఆ ఆలస్యం కాకూడదనే నా తాపత్రయం.

ఈ రెంటినీ కలిపి చూడటం ఎందుకు

రెండింటికీ దినుసులు తక్కువ. తొలి పంక్‌లో ఒక గిటార్, ఒక బేస్ గిటార్, డ్రమ్స్, ఒక గొంతు, మూడు నాలుగు కార్డ్‌లు (గిటార్ మీద కలిపి మీటే స్వరాల గుంపులు). సింగిల్ మాల్ట్‌లో మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్టు. రాగి బట్టీలో కాస్తారు, ఓక్ పీపాలో ఏళ్ల తరబడి ఉంచుతారు. కాయడం ఒకే డిస్టిలరీలో జరిగితేనే దాన్ని సింగిల్ మాల్ట్ అంటారు. దినుసులు తక్కువైన వంటలో లోపం దాచడం కష్టం. ముద్దపప్పులో ఉప్పు తగ్గితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

చరిత్రలో మాత్రం ఇవి కలిసి పెరిగినవి కావు. 1976లో లండన్ పంక్ కుర్రాళ్ల చేతిలో ఉన్నది చవక బీరు. ఆ రోజుల్లో స్కాట్లాండ్‌లో కాచిన మాల్ట్‌లో అధిక భాగం బ్లెండెడ్ (రకరకాల విస్కీలు కలిపిన) సీసాల్లో కలిసిపోయేది. 1963లో గ్లెన్‌ఫిడిక్ తన సింగిల్ మాల్ట్‌ను బయటి దేశాల్లో గట్టిగా అమ్మడం మొదలుపెట్టినా, ఆ దారిలో నడిచినవాళ్లు కొద్దిమందే. తర్వాత గోదాముల్లో నిల్వలు పేరుకుపోయి, 1983లో పోర్ట్ ఎల్లెన్, బ్రోరా లాంటి డిస్టిలరీలు మూతపడ్డాయి. చిన్న డిస్టిలరీలు సొంత పద్ధతిలో సీసా నింపి, అందులో ఏముందో లేబుల్ మీద చెప్పడం 2000 తర్వాత ఊపందుకుంది. అంటే పాతికేళ్ల ఎడంతో రెండు లోకాల్లోనూ ఒకటే మాట వినిపించింది: పెద్ద కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడం, మేమే చేస్తాం, ఎలా చేశామో మీకు చెప్తాం.

దేన్ని చూసి ఎంచుకోవాలి

నేను నాలుగు విషయాలు చూస్తాను.

మొదటిది దెబ్బ. మొదటి గుక్క, మొదటి పాట ఎంత గట్టిగా తగులుతాయి? విస్కీలో ఇది రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి ఆల్కహాల్ శాతం, రెండోది పీట్ పొగ. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా నాచు, గడ్డి పేరుకుని గట్టిపడిన మట్టి. దాన్ని కాల్చి ఆ పొగతో బార్లీని ఆరబెడితే, కాల్చిన మొక్కజొన్న పొత్తు నుంచి ఆసుపత్రి అయోడిన్ దాకా రకరకాల వాసనలు వస్తాయి. పాటలో దెబ్బ వేగం నుంచి, గొంతులోని కరుకుదనం నుంచి వస్తుంది.

రెండోది ఓపిక. కొన్ని ఆల్బమ్‌లు అరగంటలో అయిపోతాయి, కొన్ని మూడోసారి విన్నప్పుడే తలుపు తీస్తాయి. సీసాలూ అంతే.

మూడోది నిజాయితీ. నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. స్కాచ్ నియమాల ప్రకారం కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉండాలి, కనీసం 40 శాతం ఆల్కహాల్ ఉండాలి. రంగు కోసం కారమెల్ కలపడానికి మాత్రం అనుమతి ఉంది. చల్లబరిచి వడకట్టడానికీ అభ్యంతరం లేదు. ఐస్ వేసినప్పుడు మసకబారకుండా ఉండేందుకు అలా వడకడతారు. ఆ వడపోతలో కొంత రుచి, కొంత చిక్కదనం పోతాయి. 46 శాతం, ఆపై సీసాల్లో ఆ మసక సమస్య పెద్దగా రాదు కాబట్టి చాలామంది వడకట్టరు. లేబుల్ మీద "46 శాతం, చిల్ ఫిల్టర్ చేయలేదు, సహజమైన రంగు" అని మూడు ముక్కలూ కనిపిస్తే ఆ సీసాను ముందు చేతిలోకి తీసుకోండి. "క్రాఫ్ట్" అనే మాట ఒక్కటే రాసి ఉంటే దానికి విలువ ఇవ్వకండి. స్కాచ్ నియమాల్లో ఆ మాటకు నిర్వచనం లేదు.

నాలుగోది దొరకడం. ఎంత గొప్ప సీసా అయినా మీ ఊళ్లో దొరక్కపోతే ఈ చర్చ వృథా.

| జంట | దెబ్బ | ఓపిక | నిజాయితీ | దొరకడం (సీసా) |
|---|---|---|---|---|
| రామోన్స్ తొలి ఆల్బమ్ + పాల్ జాన్ బ్రిలియన్స్ | మధ్యస్థం | తక్కువ చాలు | ఎక్కువ | సులువు |
| ద క్లాష్ తొలి ఆల్బమ్ + అమృత్ ఫ్యూజన్ | ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ | సులువు |
| టెలివిజన్ "మార్కీ మూన్" + స్ప్రింగ్‌బ్యాంక్ 10 | తక్కువ | చాలా కావాలి | చాలా ఎక్కువ | కష్టం |
| సెక్స్ పిస్టల్స్ ఆల్బమ్ + ఆర్డ్‌బెగ్ 10 | చాలా ఎక్కువ | మధ్యస్థం | ఎక్కువ | పెద్ద షాపుల్లో |
| బజ్‌కాక్స్ "స్పైరల్ స్క్రాచ్" + కిల్‌హోమన్ మాకిర్ బే | ఎక్కువ | తక్కువ చాలు | చాలా ఎక్కువ | విదేశాల్లో, డ్యూటీ ఫ్రీలో |

రామోన్స్, పాల్ జాన్ బ్రిలియన్స్

తొందరగా తేల్చుకోవాలనుకునేవాళ్లకు ఇది. రామోన్స్ న్యూయార్క్‌లోని క్వీన్స్ కుర్రాళ్లు. నలుగురూ అన్నదమ్ములు కాకపోయినా అందరూ ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు. 1976 ఫిబ్రవరిలో వారం రోజుల్లో, సుమారు 6,400 డాలర్లతో తొలి ఆల్బమ్ రికార్డ్ చేశారు. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. ఏప్రిల్‌లో విడుదలైంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఇందులో ఒక మంచి పాఠం ఉంది. గిటార్ మొత్తం కుడి చెవిలో, బేస్ మొత్తం ఎడమ చెవిలో ఉంటాయి. గొంతు, డ్రమ్స్ మధ్యలో. ఒక చెవి తీసేసి వినండి, తర్వాత రెండో చెవి. గోలగా అనిపించిన పాట ఎంత తక్కువ ముక్కలతో కట్టారో చేతిలో పెట్టినట్టు తెలుస్తుంది. ఇంకాస్త విన్నాక ఆ హోరు కింద 1960ల నాటి తియ్యటి పాప్ బాణీలు బయటపడతాయి. మెలోడీ అలవాటైన మన చెవికి ఈ ఆల్బమ్ త్వరగా దగ్గరవడానికి కారణం అదే.

పాల్ జాన్ డిస్టిలరీ దక్షిణ గోవాలోని కుంకళ్ళిలో ఉంది. 2012లో లండన్‌లో అడుగుపెట్టింది. బ్రిలియన్స్‌లో పొగ ఉండదు. బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాల్లో పండిన తేనె, వెనీలా రుచి, 46 శాతం, చల్లబరిచి వడకట్టనిది. రోజూ మామూలు విస్కీలో సోడా కలుపుకునేవాళ్లు మొదటిసారి నీట్‌గా తాగడానికి దీనికంటే సులువైనది నాకు తెలియదు. నచ్చితే తర్వాత కొద్దిగా పొగ ఉన్న "ఎడిటెడ్", ఆ తర్వాత పూర్తి పొగతో "బోల్డ్". ఒకే డిస్టిలరీలో మూడు మెట్లు.

లోటు కూడా చెప్పాలి. పదిసార్లు విన్నాక రామోన్స్ ఆల్బమ్‌లో కొత్తగా కనిపెట్టేది కొంచెమే మిగులుతుంది. బ్రిలియన్స్ కూడా గ్లాసులో అరగంట ఉంచినా పెద్దగా మారదు. ఉన్నదంతా మొదటి పరిచయంలోనే ఇచ్చేస్తాయి.

ద క్లాష్, అమృత్ ఫ్యూజన్

నా మనసు ఇక్కడే ఉంది. కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1976 ఆగస్టులో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో కరీబియన్ వలసదారుల ఉత్సవం జరుగుతుండగా పోలీసులకూ నల్లజాతి యువకులకూ మధ్య ఘర్షణ రేగింది. క్లాష్ బృందంలోని జో స్ట్రమ్మర్, పాల్ సిమొనన్ ఆ వీధుల్లోనే ఉన్నారు. సిమొనన్ బ్రిక్స్‌టన్‌లో జమైకా రెగే సంగీతం మధ్య పెరిగినవాడు. ఆ కొన్ని నెలలకే తెరుచుకున్న రాక్సీ క్లబ్‌లో డీజే డాన్ లెట్స్ పాటల మధ్య విరామంలో రెగే రికార్డులు వేసేవాడు. వేయడానికి పంక్ రికార్డులు అప్పటికి పెద్దగా విడుదలే కాలేదు మరి! అలా తెల్ల పంక్ కుర్రాళ్ల చెవుల్లోకి జమైకా బేస్ ఎక్కింది.

1977 ఏప్రిల్‌లో వచ్చిన క్లాష్ తొలి ఆల్బమ్‌లో అది వినిపిస్తుంది. ఉద్యోగాలు లేని కుర్రాళ్ల గోడు, విసుగు, కోపం రెండు రెండు నిమిషాల పాటలుగా దూసుకుపోతుంటాయి. మధ్యలో జూనియర్ మర్విన్ రెగే పాట "పోలీస్ అండ్ థీవ్స్" దాదాపు ఆరు నిమిషాలు సాగుతుంది. వాళ్లు దాన్ని జమైకా వాళ్లలా పాడాలని ప్రయత్నించలేదు. రెగే లయలోని ఖాళీలను అలాగే ఉంచి, తమ గిటార్ ముతకదనాన్ని దాని మీద పరిచారు. రెండు నేలలు ఒకే పాటలో నిలబడ్డాయి, ఏదీ రెండోదాన్ని మింగలేదు.

ఫ్యూజన్ కథ అచ్చంగా ఇదే కాబట్టి ఈ జంట కట్టాను. బెంగళూరులోని అమృత్ డిస్టిలరీ 2004 ఆగస్టులో తన సింగిల్ మాల్ట్‌ను ఎక్కడ విడుదల చేసిందో తెలుసా? గ్లాస్గోలో. స్కాచ్ పుట్టిన దేశంలోనే, వాళ్ల ముందే గ్లాసు పెట్టింది. భారతదేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యేదాంట్లో చాలా భాగం చెరకు మొలాసిస్ స్పిరిట్‌తో తయారైనదని ప్రపంచానికి తెలుసు. ఆ అనుమానాన్ని దాటి నిలబడటానికి అమృత్‌కు ఏళ్లు పట్టింది. 2009లో ఫ్యూజన్ వచ్చింది. పొగ పట్టని భారతీయ బార్లీ మాల్ట్ ఒక వైపు, పీట్ పొగ పట్టిన స్కాట్లాండ్ బార్లీ మాల్ట్ ఒక వైపు. రెంటినీ బెంగళూరులో విడివిడిగా పీపాల్లో పండించి, తర్వాత కలిపి మళ్లీ కొన్నాళ్లు పీపాల్లో ఉంచుతారు. విస్కీ విమర్శకుడు జిమ్ మర్రే తన 2010 "విస్కీ బైబిల్" పుస్తకంలో దీనికి 97 మార్కులు వేసి ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చాడు.

మన వాతావరణం గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే వయసు అంకె చూసి చాలామంది మోసపోతారు. పీపాలోంచి ఏటా కొంత విస్కీ ఆవిరైపోతుంది. దాన్ని దేవతల వాటా అంటారు. స్కాట్లాండ్‌లో అది ఏటా 2 శాతం చుట్టూ ఉంటుంది. బెంగళూరులో 10 నుంచి 12 శాతం దాకా పోతుంది. వేడికి చెక్కలోని రుచి కూడా త్వరగా దిగుతుంది. నాలుగైదేళ్లకే మన మాల్ట్ చిక్కబడిపోతుంది. లేబుల్ మీద "12" కనబడలేదని మన సీసాను పక్కన పెట్టేయకండి.

ఫ్యూజన్ 50 శాతం. మామూలుగా మన సీసాల మీద కనిపించే అంకె 42.8. 30 మిల్లీలీటర్ల పెగ్గులో ఒక టీస్పూను నీళ్లు, అంటే 5 మిల్లీలీటర్లు కలపండి. ఫ్యూజన్ సరిగ్గా ఆ 42.8 దగ్గరికే వచ్చి ఆగుతుంది. లెక్క వేసి చూసుకోవచ్చు. నీళ్లు కలపకముందు ఒక గుక్క, కలిపాక ఒక గుక్క తీసుకోండి. మొదట పొగ, ఆ వెనక పండిన పళ్లు, చాక్లెట్. నీళ్లు పడ్డాక బార్లీ ముందుకు వస్తుంది.

ఆల్బమ్ విషయంలో ఒక జాగ్రత్త. దీని అమెరికా రూపం 1979లో పాటలు మార్చి విడుదలైంది. మొదటిసారి వినడానికి 14 పాటలున్న బ్రిటన్ రూపాన్నే వెతకండి.

టెలివిజన్, స్ప్రింగ్‌బ్యాంక్ 10

పంక్ అంటే వేగం మాత్రమే అనుకునేవాళ్లకు "మార్కీ మూన్" గట్టి జవాబు. న్యూయార్క్ బవరీ వీధిలోని సీబీజీబీ క్లబ్‌లో 1974 వసంతంలోనే పాడిన టెలివిజన్ బృందం ఆల్బమ్ ఇది. 1977 ఫిబ్రవరిలో వచ్చిన ఈ ఆల్బమ్‌లో టైటిల్ పాట ఒక్కటే సుమారు 10 నిమిషాలు. టామ్ వెర్లైన్, రిచర్డ్ లాయిడ్ గిటార్లు రెండూ జుగల్బందీలా సాగుతాయి. ఒకటి ప్రశ్నిస్తే ఒకటి ఆగి జవాబిస్తుంది. కర్ణాటక కచేరీలో వయొలిన్, మృదంగం ఒకదాని కోసం ఒకటి ఎలా ఆగుతాయో గమనించే అలవాటున్నవాళ్లకు ఈ ఆల్బమ్ దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది.

స్ప్రింగ్‌బ్యాంక్ 1828 నుంచి కాంప్‌బెల్‌టౌన్‌లో ఉంది. చాలాకాలం ఒకే కుటుంబం చేతిలో నడిచింది. తనకు కావలసిన బార్లీ మొత్తాన్ని తన గచ్చు మీదే మొలకెత్తించి, అక్కడే కాచి, అక్కడే పండించి, అక్కడే సీసాల్లో నింపుతుంది. ఇన్ని పనులూ ఒకే చోట చేసేవాళ్లు స్కాట్లాండ్‌లోనే అరుదు. పదేళ్ల సీసా 46 శాతం. తేలికపాటి పొగ, ఉప్పగాలి, ఎండిన పళ్లు, కొంచెం నూనె జిడ్డు. పావుగంటకోసారి వాసన మారుతుంది.

ఇబ్బంది దొరకడంలోనే. కొరత వల్ల పునర్విక్రయదారులు అన్యాయమైన ధరలు చెబుతారు. ఆ ధరకు మొదటి సీసాగా ఎవరూ కొనకూడదు. అదే కుటుంబం 2004లో మళ్లీ తెరిచిన గ్లెన్‌గైల్ డిస్టిలరీ వారి కిల్‌కెరన్ 12 దొరికితే అది తీసుకోండి. అదీ 46 శాతమే, అదే ఊరి గాలి.

సెక్స్ పిస్టల్స్, ఆర్డ్‌బెగ్ 10

ఈ జంట గురించి బయట ప్రచారంలో ఉన్నదానికీ అసలు సంగతికీ చాలా దూరం. 1977 అక్టోబరు 28న వచ్చిన వీళ్ల ఏకైక స్టూడియో ఆల్బమ్‌ను "వాయించడం రాని కుర్రాళ్ల గోల" అంటుంటారు. నిర్మాత క్రిస్ థామస్ అంతకుముందు పింక్ ఫ్లాయిడ్ "డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్" మిక్సింగ్‌లో పాలుపంచుకున్న మనిషి. బృందం గాయకుడు జానీ రాటెన్ ఏమో పింక్ ఫ్లాయిడ్ అంటే అసహ్యం అని రాసుకున్న టీషర్ట్ వేసుకు తిరిగినవాడు! స్టీవ్ జోన్స్ తన గిటార్‌ను పొరలు పొరలుగా పేర్చాడు, చాలా పాటల్లో బేస్ కూడా తనే వాయించాడు. తొలి పంక్‌లో ఇంత శ్రద్ధగా కట్టిన గోడ ఇంకోటి కష్టం. రాటెన్ గొంతు ఒక్కటే ఆ నునుపును గీరుతూ పోతుంది.

ఆర్డ్‌బెగ్ అలాంటిదే. పొగ లెక్క 55 పీపీఎం, అంటే మొలకెత్తించిన బార్లీలో పది లక్షల భాగాలకు 55 భాగాలు పొగ పదార్థాలు. మూత తీయగానే తారు, అయోడిన్, కాలిన కట్టె. భయపడకుండా పది నిమిషాలు ఆగితే ఆ పొగ వెనక నిమ్మ, వెనీలా తియ్యదనం ఎంత పొందికగా పెట్టారో తెలుస్తుంది. 46 శాతం, చల్లబరిచి వడకట్టనిది. 1981లో మూతపడి, తర్వాత అరకొరగా నడిచి, 1997లో గ్లెన్‌మొరాంజీ కంపెనీ కొన్నాక నిలదొక్కుకుంది. ఇప్పుడది ఒక పెద్ద గ్రూపులో భాగం.

ఇక్కడ "క్రాఫ్ట్" అంటే ఎవరి సొత్తు అనే ప్రశ్న వస్తుంది. క్లాష్ సీబీఎస్ రికార్డు కంపెనీతో సంతకం చేసిన రోజే పంక్ చచ్చిపోయిందని "స్నిఫిన్ గ్లూ" పత్రిక నడిపిన మార్క్ పెర్రీ అన్నాడు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆల్బమ్ విన్నప్పుడు పాటలో రాజీ వినబడదు. అలాగే బ్రుక్‌లాడీ డిస్టిలరీని 2012లో రెమీ కుయాంట్రో అనే పెద్ద కంపెనీ కొన్నాక కూడా క్లాసిక్ లాడీ సీసా 50 శాతంతోనే వస్తోంది. అందుకని యజమాని పేరు కంటే సీసాలో ఏముందన్నదే నేను ముందు చూస్తాను. యజమాని ముఖ్యం అనుకునేవాళ్లకు కింది జంట ఉంది.

బజ్‌కాక్స్, కిల్‌హోమన్ మాకిర్ బే

బజ్‌కాక్స్ మాంచెస్టర్ వాళ్లు. సెక్స్ పిస్టల్స్‌ను 1976 జూన్‌లో తమ ఊరికి పిలిపించి కచేరీ పెట్టించింది ఈ బృందంలోని హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీలే. అదే ఏడాది డిసెంబరు 28న తెలిసినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు తీసుకుని, నిర్మాత మార్టిన్ హానెట్ చేతిలో "స్పైరల్ స్క్రాచ్" కోసం నాలుగు పాటలు రికార్డ్ చేశారు. 1977 జనవరిలో సొంత లేబుల్ మీద 1,000 కాపీలు వేశారు. అవి అయిపోయాయి, మళ్లీ వేశారు, మొత్తం 16,000 దాకా అమ్ముడయ్యాయి. కంపెనీ లేకుండా రికార్డు వేయొచ్చని బ్రిటన్ కుర్రాళ్లకు ధైర్యం ఇచ్చినవాటిలో ఇది ముందుంటుంది.

ఈ రికార్డు అట్ట మీద ఏ పాట ఎన్నో టేకులో ఓకే అయిందో, పైన అదనంగా ఏం కలిపారో అచ్చు వేశారు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. మంత్రం ఏమీ లేదు, ఇలా చేశాం, మీరూ చేయగలరు అని చెప్పడం. పీపా రకం, శాతం, ఏడాది లేబుల్ మీద రాసే చిన్న డిస్టిలరీ చేసే పని కూడా అదే.

కిల్‌హోమన్ 2005లో ఐలా దీవిలో ఒక పొలంలో మొదలైంది. ఆ దీవిలో వందేళ్లకు పైగా విరామం తర్వాత పుట్టిన కొత్త డిస్టిలరీ. ఆంథనీ విల్స్ కుటుంబం నడుపుతోంది. కొంత బార్లీని తామే పండించుకుని, తమ గచ్చు మీదే మొలకెత్తిస్తారు. మాకిర్ బే ఎక్కువగా బోర్బన్ పీపాలు, కొంత షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాలు, 46 శాతం. ఆర్డ్‌బెగ్ అంత పొగ ఉన్నా కుర్రతనం ఎక్కువ, గుండ్రటి నునుపు తక్కువ. మన దేశంలో మామూలు షాపులో దొరకడం కష్టం. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు సులువు. అక్కడి నుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు.

మీరు ఎవరైతే ఏది

రాక్ అసలు వినని, ఇళయరాజా బాణీలతో పెరిగిన చెవి అయితే రామోన్స్‌తో మొదలుపెట్టండి. లేదా కాస్త సాహసం చేయగలిగితే ప్యాటీ స్మిత్ 1975 ఆల్బమ్ "హార్సెస్" వినండి. కవిత్వం చదివే అలవాటు ఉంటే మాటే మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తుంది.

హెవీ మెటల్ వింటూ పెరిగినవాళ్లకు సెక్స్ పిస్టల్స్ ఘాటుగా అనిపించదు. వాళ్లకు నా సలహా వైర్ బృందం 1977 ఆల్బమ్ "పింక్ ఫ్లాగ్". 35 నిమిషాల్లో 21 పాటలు. అవసరం తీరగానే పాట ఆపేయడం చూసి వాళ్లు ఆశ్చర్యపోతారు.

పొగ పడదని ముందే తెలిసినవాళ్లు బ్రిలియన్స్ లేదా హర్యానాలోని పికాడిలీ డిస్టిలరీ వారి ఇంద్రి తీసుకోండి. ఇంద్రిలో బోర్బన్, ఫ్రెంచ్ వైన్, షెర్రీ పీపాలు మూడూ వాడతారు. అదీ 46 శాతమే. బొగ్గుల మీద కాల్చిన కబాబ్, ఎండు చేపల వాసన ఇష్టపడే నాలుక అయితే పొగ అంటే జంకక్కర్లేదు, నేరుగా ఫ్యూజన్‌కు వెళ్లండి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉన్నవాళ్లు మన దేశపు మాల్ట్‌లతోనే మొదలుపెట్టడం మేలు. ధర అందుబాటులో ఉంటుంది, తాజా స్టాకు దొరుకుతుంది. పక్క రాష్ట్రంలో తక్కువకు వస్తుందని సీసాలు తెచ్చుకునేముందు ఎక్సైజ్ నియమాలు తప్పకుండా చూసుకోండి. ఆ టెన్షన్‌తో తాగేదేదీ రుచించదు.

మందు ముట్టనివాళ్లు ఈ వ్యాసంలో సగాన్ని వదిలేసి మిగతా సగాన్ని తీసుకోండి. రికార్డులకు సీసా తోడు అక్కర్లేదు. ఎక్స్-రే స్పెక్స్ గాయని పాలీ స్టైరీన్ గొంతు వినడానికి ఒంట్లో చుక్క కూడా అవసరం లేదు.

కూర్చునే పద్ధతి

మామూలు సిట్టింగ్ అలవాట్లు కొన్ని ఇక్కడ పక్కన పెట్టాలి. మిర్చి బజ్జీ, కారం పల్లీలు నాలుకను మొద్దుబారుస్తాయి. వేయించిన పల్లీలు, జీడిపప్పు చాలు. కింద గుండ్రంగా, పైన సన్నగా ఉండే గ్లాసు వాడితే వాసన కూడుకుంటుంది. సోడా, కోలా వద్దు. మంచినీళ్లు టీస్పూనుతో మాత్రమే. 30 మిల్లీలీటర్ల పెగ్గు ఒకటి ఒక ఆల్బమ్ పొడవునా రావాలి. రెండోది అవసరమనిపిస్తే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగండి. ఆ రాత్రికి బండి తాళాలు ముట్టుకోవద్దు.

పాట వాల్యూమ్ గురించి చాలామంది తప్పుగా అనుకుంటారు. తొలి పంక్‌ను చెవులు పగిలేలా వినాల్సిన పని లేదు. మనిషి మాట వినిపించే స్థాయిలో పెట్టి, మొదటిసారి ఆల్బమ్ అంతా వరసగా, పాటలు దాటవేయకుండా వినండి.

ఒకే ఒక్క జంట కొనగలిగితే క్లాష్, ఫ్యూజన్ తీసుకోండి. మొదటి సాయంత్రం నేను చెప్పినట్టే మొదటి పాట నుంచి వినండి. సీసాకు మూత పెట్టి వారం ఆగండి. లోపలికి వెళ్లిన గాలికి పొగ కొంచెం తగ్గి పళ్ల వాసన పెరుగుతుంది. రెండో సాయంత్రం రికార్డును తిప్పి రెండో వైపు నుంచి మొదలుపెట్టండి. "పోలీస్ అండ్ థీవ్స్" ఆ వైపే ఉంది. అది వచ్చే సమయానికి గ్లాసులో సగం మిగిలి ఉండేలా చూసుకోండి, టీస్పూను నీళ్లు అప్పుడు కలపండి.